పాదరసం, హార్మోన్లు: విశాఖలో మన ఇంట్లో ఏం సరిచూసుకోవాలి, ఎలా

ఇరవై రెండేళ్ళుగా విశాఖలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. పొద్దున్న ఆరున్నరకి తలుపు తీసేసరికి బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో సగం మంది థైరాయిడ్ పరీక్షకి వచ్చినవాళ్ళే. చెయ్యి చాపి, మొహం పక్కకి తిప్పుకుని, సూది గుచ్చేలోపు ఏదో ఒకటి అడుగుతారు. ఈ మధ్య తరచుగా వినబడే ప్రశ్న ఇది: "సముద్రం చేపల్లో పాదరసం ఉంటుందట కదండీ, నాకు థైరాయిడ్ దానివల్లే వచ్చిందంటారా?" కొందరు అప్పటికే చేపలు పూర్తిగా మానేసి వస్తారు. వాళ్ళ చేతిసంచీలో మాత్రం పేరూ ఊరూ లేని తెల్లబడే క్రీమ్ డబ్బా ఉంటుంది.

దూది అదిమిపెట్టమని చెప్పే అర నిమిషంలో దీనికి జవాబు చెప్పలేను. అందుకే రాస్తున్నాను. మొదలుపెట్టే ముందు ఒక్క విషయం. థైరాయిడ్ హార్మోన్ తగ్గిపోవడానికి ఎక్కువమందిలో కారణం మన రోగనిరోధక శక్తే పొరపాటున ఆ గ్రంథి మీద పడడం. అయోడిన్ తేడాలు, ఇంట్లో తల్లికో అక్కకో ఉండడం లాంటివి ఆ తర్వాత. పాదరసం పక్కనుంచి దెబ్బకొట్టే రకం. కాబట్టి ఇది చదివి రోజూ వేసుకునే థైరాయిడ్ మాత్ర ఆపకండి. ఇంట్లోకి పాదరసం వచ్చే దారులు మూసుకోవడమే మనం చేయాల్సిన పని.

ఒంట్లోకి వెళ్ళాక అదేం చేస్తుంది

పాదరసానికి గంధకం కనబడితే చాలు, అతుక్కుపోతుంది. సెలీనియం కనబడితే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మన ఎంజైములన్నీ ప్రోటీన్లే, వాటిలో చాలావాటికి గంధకం ఉన్న కొసలుంటాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా తయారుచేసేది టీ4. ఒంట్లో అసలు పనిచేసేది టీ3. టీ4లోంచి ఒక అయోడిన్ పరమాణువుని తీసేసి టీ3గా మార్చే ఎంజైములు సెలీనియం మీద ఆధారపడి పనిచేస్తాయి. ఆ సెలీనియాన్ని పాదరసం పట్టుకుంటే మార్పు మందగిస్తుంది. స్లొవేనియాలోని ఇద్రియాలో వందల ఏళ్ళు నడిచిన పాదరసం గని ఒకటుంది. అక్కడి గని కార్మికులు చనిపోయాక వాళ్ళ అవయవాలు పరీక్షించి 1975లో ప్రచురించిన ఫలితాల్లో థైరాయిడ్‌లోనూ, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలోనూ పాదరసం మెండుగా కనబడింది. పని మానేసి ఏళ్ళు గడిచినవాళ్ళలోనూ ఉంది. దాని పక్కనే ఇంచుమించు అదే లెక్కలో సెలీనియం కూడా ఉంది. నార్వేలో పాదరసం వాడే క్లోరిన్ ఫ్యాక్టరీల కార్మికుల్లో ఎక్కువ తాకిడికి గురైనవాళ్ళకి పనికిరాని రకం టీ3, అంటే రివర్స్ టీ3, కొంచెం పెరిగింది. వాళ్ళలో చాలామందికి టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ని పనిచేయించే పిట్యూటరీ హార్మోన్, మామూలుగానే ఉంది. అందుకే టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి పాదరసం ఉందనీ లేదనీ చెప్పలేం.

ఇంకోటి అడ్రినలిన్. నా దృష్టిలో హార్మోన్ల మీద పాదరసం చేసే పనుల్లో అన్నిటికన్నా తేటగా కనబడేది ఇదే. పని అయిపోయిన అడ్రినలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది. పాదరసం దానికి అడ్డుపడుతుంది. దాంతో అడ్రినలిన్, నార్అడ్రినలిన్ రక్తంలోనే మిగిలిపోతాయి. గుండె దడ, ఒళ్ళంతా చెమట, నిద్ర పట్టకపోవడం, బీపీ పెరగడం మొదలవుతాయి. చిన్నపిల్లల్లో అయితే అచ్చం కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథి మీద గడ్డ ఉన్నట్టే కనబడుతుంది. స్కాన్లన్నీ అయ్యాక, చివరికి ఇంట్లో విరిగిన థర్మామీటర్ సంగతి బయటపడిన కేసులు వైద్య పత్రికల్లో ఎన్నో ఉన్నాయి. ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లో పళ్ళొచ్చే పిల్లలకి ఇచ్చే పొడుల్లో పాదరసపు ఉప్పు కలిపేవారు. ఆ పిల్లలకి అరచేతులు, అరికాళ్ళు గులాబీ రంగులోకి మారి పొట్టు రాలేది. 1950ల్లో ఆ పొడులు ఆగాక ఆ జబ్బు దాదాపు కనబడకుండా పోయింది.

షుగర్ విషయంలో సాక్ష్యం రెండు వైపులా ఉంది. అమెరికాలో 3,875 మంది యువతీయువకులని 18 ఏళ్ళు గమనించిన అధ్యయనంలో కాలిగోళ్ళలో పాదరసం ఎక్కువున్నవాళ్ళకి షుగర్ ఎక్కువగా వచ్చింది. అక్కడే జరిగిన మరో పెద్ద పరిశీలనలో అలాంటి సంబంధం కనబడలేదు. నెలసరి, సంతానం సంగతికొస్తే, పళ్ళలో పాదరసపు ఫిల్లింగులు ఎక్కువగా కలిపే, జాగ్రత్తలు సరిగా లేని క్లినిక్కుల్లో పనిచేసిన సహాయకురాళ్ళకి గర్భం నిలవడం ఆలస్యమైందని 1994లో ఒక అధ్యయనం వచ్చింది. ఇది పని చేసేచోట ఎక్కువ మోతాదు పీల్చినవాళ్ళ సంగతి. మీ ఇంట్లో అమ్మాయికి పీసీఓడీ వస్తే దాన్ని పాదరసానికి అంటగట్టే ఆధారం లేదు.

మొదటి పని: ఒక కాగితం తీసుకుని పదిహేను నిమిషాలు కూర్చోండి

గడిచిన ఆరు నెలలు గుర్తు తెచ్చుకుని రాయండి. ఏ చేపలు, వారానికి ఎన్నిసార్లు, ఎంత ముక్క. మొహానికి రాసేవి ఏవి, ఎక్కడ కొన్నారు. ఇంట్లో థర్మామీటర్, సీఎఫ్ఎల్ బల్బు, ట్యూబులైటు ఏవైనా పగిలాయా. భస్మాలు, సింధూరాలు వేసుకుంటున్నారా. ఇంట్లో ఎవరైనా పళ్ళ డాక్టరు దగ్గరో, బంగారం పనిలోనో, పాత బీపీ మిషన్లు బాగుచేసే చోటో, పాత సామాన్ల కొట్లో ట్యూబులైట్లు పగలగొట్టే పనిలోనో ఉన్నారా. వాళ్ళ పని బట్టలు ఇంట్లో మిగతా బట్టలతో కలిపే ఉతుకుతున్నారా.

ఈ కాగితం ఏ పరీక్షకన్నా విలువైనది. డాక్టర్ ముందు కూర్చున్న ఐదు నిమిషాల్లో ఇవేవీ గుర్తురావు.

రెండో పని: క్రీమ్ డబ్బా తిప్పి చూడండి

పాదరసం చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని ఆపుతుంది. మొహం నిజంగానే తెల్లబడుతుంది, అందుకే ఆ క్రీములు అమ్ముడవుతున్నాయి. పెళ్ళి కుదిరిన ఆడపిల్లలు నెలల తరబడి పూస్తారు. మనదేశంలో 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం పాదరసం కలిపి సౌందర్య సాధనాలు తయారుచేయకూడదు. కలపకుండా వచ్చి చేరిన మరక కూడా 1 పీపీఎం, అంటే పది లక్షల్లో ఒక వంతు, దాటకూడదు. కళ్ళ దగ్గర వాడేవాటికి మాత్రం ఆ నిబంధనలు 70 పీపీఎం దాకా మినహాయింపు ఇచ్చాయి. దొంగచాటుగా వచ్చే డబ్బాల్లో అంతకి వేల రెట్లు బయటపడ్డ సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి.

డబ్బా మీద తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, లైసెన్స్ నంబరు, పదార్థాల జాబితా ఉన్నాయా చూడండి. నాలుగింటిలో ఏది లేకపోయినా వాడకండి. జాబితాలో కాలోమెల్, మెర్క్యురస్ క్లోరైడ్, మెర్క్యురిక్ అయోడైడ్, అమోనియేటెడ్ మెర్క్యురీ, మెర్క్యూరియో అన్న మాటల్లో ఏది కనబడినా అది పాదరసమే. "బంగారం, వెండి, అల్యూమినియం తగలనివ్వకండి" అని రాసి ఉంటే అదీ పాదరసం గుర్తే. మొహానికి రాసే క్రీముకి నగలతో గొడవ ఎందుకుంటుంది?

కేరళలో మలప్పురం జిల్లాలో ఒక ఆస్పత్రి డాక్టర్లు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు వరకు వచ్చిన ఒక రకం కిడ్నీ జబ్బు కేసులు 22 చూశారు. అందులో 15 మందికి పాదరసంతో ముడిపడిన అరుదైన రకం తేలింది. ఆ 15లో 13 మంది తెల్లబడే క్రీములు వాడామని చెప్పారు. ఇది హార్మోన్ల సంగతి కాదు, కానీ మొహానికి రాసింది లోపలికి ఎంత దూరం వెళ్తుందో దీన్ని మించి చూపించేది లేదు.

ఒకవేళ క్రీమ్ వాడుతూ ఉంటే ఆపేయండి. డబ్బాని పారేయకుండా రెండు కవర్లలో ముడివేసి డాక్టరుకి చూపించండి. దిండు గలీబులు, తువ్వాళ్ళు విడిగా పెట్టండి, వాటికంటిన క్రీము పసిపిల్లలకీ అంటుతుంది. ఇలాంటి క్రీముల్లో ఘాటైన స్టెరాయిడ్ కూడా కలిపి ఉండడం మామూలు. ఆ స్టెరాయిడ్ నెలల తరబడి ఒంట్లోకి ఇంకితే అడ్రినల్ గ్రంథి తన కార్టిసాల్ హార్మోన్ తయారీ తగ్గించుకుంటుంది. ఆపిన వారంలో మొహం ఎర్రబడి మండితే భయపడి మళ్ళీ పూయకండి. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మూడో పని: థర్మామీటర్ పగిలితే చీపురు ముట్టుకోకండి

2009 మే నెల. మా అబ్బాయికి జ్వరం. గాజు థర్మామీటర్ విదిలిస్తుంటే మంచం కోడుకి తగిలి పగిలింది. ల్యాబులో పనిచేసేదాన్నే అయినా చేయకూడనివన్నీ చేశాను. చీపురుతో ఊడ్చాను. ఒక్క గుండు పది గుండ్లై, పది వందై టైల్స్ సందుల్లోకి, మంచం కిందకి పరుగెత్తాయి. ఉక్కగా ఉందని ఫ్యాను పెద్దది పెట్టాను. మిగిలినవి వేలితో కాగితం మీదకి తోశాను. మర్నాడు చూస్తే పెళ్ళి ఉంగరం మీద వెండి పూసినట్టు తెల్లటి మచ్చ. బంగారాన్ని పాదరసం తినేస్తుంది. ఆ మచ్చ నా వేలి మీద ఉందంటే, ఆ రాత్రంతా పిల్లాడు పడుకున్న గదిలో అది గాలిలోనూ ఉంది. ఆ సంగతి తట్టినప్పుడు నాకు కాళ్ళు ఆడలేదు.

ఇక్కడ తెలుసుకోవాల్సిన తేడా ఒకటుంది. పిల్లలు థర్మామీటర్ కొరికి పాదరసం మింగితే తల్లులు గుండెలు బాదుకుంటారు. మింగిన ద్రవ పాదరసంలో 0.01 శాతం కూడా ఒంటికి పట్టదు, మలంతో బయటికి పోతుంది. గాజు ముక్కలు కోస్తాయన్న భయం వేరు, దానికి డాక్టరుకి చూపించాలి. అదే పాదరసం నేల మీద ఒలికి ఆవిరైతే, పీల్చినదానిలో 80 శాతం దాకా ఊపిరితిత్తుల గుండా రక్తంలోకి వెళ్తుంది. ఒక థర్మామీటర్లో ఉండేది అర గ్రాము నుంచి గ్రామున్నర. తలుపులు మూసిన గదిలో, అదీ మన వేసవిలో, అది తక్కువేం కాదు. వేడి పెరిగేకొద్దీ ఆవిరి పెరుగుతుంది.

పగిలిన వెంటనే ఇలా చేయండి:

1. పిల్లల్ని, గర్భిణుల్ని, పెంపుడు జంతువుల్ని గదిలోంచి పంపేయండి. ఎవరూ తొక్కకుండా చూడండి.
2. ఫ్యాను, ఏసీ ఆపండి. బయటికి ఉన్న కిటికీలు తెరిచి, ఇంట్లోకి ఉన్న తలుపు మూయండి.
3. ఉంగరాలు, గాజులు, మెడలో గొలుసు తీసి పక్క గదిలో పెట్టండి. చేతులకి రబ్బరు తొడుగులు వేసుకోండి.
4. లైటు ఆపి, టార్చి నేలకి ఆనించి వెయ్యండి. గుండ్లు మెరుస్తాయి.
5. రెండు గట్టి అట్టముక్కలతో గుండ్లని నెమ్మదిగా ఒకదానిలోకి ఒకటి తోసి కలపండి. చుక్కల మందు డ్రాపర్‌తో పీల్చి మూత గట్టిగా ఉన్న సీసాలో వెయ్యండి. చివరి పొడి చుక్కల్ని గట్టి జిగురు టేపుతో అద్ది తీయండి.
6. అట్ట, టేపు, తొడుగులు, గాజు ముక్కలు అన్నీ అదే సీసాలోనో, రెండు కవర్లలోనో ముడివేయండి.
7. ఆ గదికి 24 గంటలు గాలి ఆడనివ్వండి. ఆ రాత్రి పిల్లలు వేరే చోట పడుకోవాలి.

చీపురు, వాక్యూమ్ క్లీనర్ వద్దు. సింకులోకి, మరుగుదొడ్డిలోకి వదలొద్దు. పాదరసం తగిలిన బట్టలు వాషింగ్ మెషిన్‌లో వేస్తే మెషిన్ మొత్తానికి అంటుతుంది. సీఎఫ్ఎల్ బల్బులో ఉండేది మూడు నుంచి ఐదు మిల్లీగ్రాములే. అది పగిలితే కిటికీ తెరిచి పది నిమిషాలు బయటికి వెళ్ళి వచ్చి, అట్టతో ఎత్తి, కవర్లో ముడివేస్తే చాలు.

2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనల్లో విరిగిన థర్మామీటర్లని, సీఎఫ్ఎల్ బల్బుల్ని గృహ హానికర వ్యర్థాలుగా లెక్కగట్టారు. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) చెత్తబండి వచ్చినప్పుడు తడి, పొడి చెత్తల్లో కలపకుండా విడిగా ఇచ్చి, లోపల పాదరసం ఉందని నోటితో చెప్పండి. బండి తోసే మనిషికి ఒట్టి చేతులు.

ఇంట్లో ఇంకా గాజు థర్మామీటర్ ఉంటే పగలకముందే అలాగే ఇచ్చేసి డిజిటల్‌ది కొనుక్కోండి.

నాలుగో పని: చేప మానకండి, చేప మార్చండి

బొగ్గు కాల్చినప్పుడు, బంగారం గనుల్లో పాదరసం ఆవిరైనప్పుడు అది గాలిలోకి లేచి, వానతో కిందకి దిగుతుంది. నీటి అడుగు బురదలో ఉండే సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. దాన్ని నాచు పట్టుకుంటే, నాచుని చిన్న చేప తింటుంది, ఆ చేపని పెద్ద చేప. ఒక్కో మెట్టుకీ పాదరసం చిక్కబడుతూ పోతుంది. అంటే మన పళ్ళెంలో చేప సముద్రంలో ఏ మెట్టు మీద బతికిందన్నదే అసలు లెక్క.

అమెరికా ఆహార సంస్థ ఏళ్ళ తరబడి కొలిచిన సగటులు ఇలా ఉన్నాయి: సొర 0.979 పీపీఎం, మన వంజరానికి (కోనాం అన్నా అదే) దగ్గర చుట్టమైన కింగ్ మాకెరెల్ 0.73, కవళ్ళ జాతి సార్డిన్ 0.013, రొయ్య 0.009. మిథైల్ మెర్క్యురీ వారానికి కిలో బరువుకి 1.6 మైక్రోగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ ఆహార నిపుణుల సంఘం 2003లో పరిమితి పెట్టింది. కడుపులో బిడ్డని దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్క అది. 60 కిలోల ఆడమనిషికి వారానికి 96 మైక్రోగ్రాములు. ఒక పీపీఎం అంటే గ్రాము చేపలో ఒక మైక్రోగ్రాము పాదరసం. ఇప్పుడు ఆ సగటులతో భాగించండి. సొర అయితే 98 గ్రాములు, అంటే ఒక్క ముక్కతో వారం కోటా అయిపోతుంది. కింగ్ మాకెరెల్ అయితే 131 గ్రాములు. కవళ్ళైతే ఏడు కిలోలు దాటి తినాలి. అవి అక్కడి సముద్రాల చేపలే అయినా, వేటాడే పెద్ద చేపలో ఎక్కువ, చిన్న చేపలో తక్కువ అన్న వరస ఏ సముద్రంలోనూ మారదు.

కాబట్టి గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు, పిల్లలు సొర, కొమ్ముకోనాం తినకపోవడం మంచిది. పెద్ద ట్యూనా, పళ్ళెమంత వెడల్పు ముక్కలొచ్చే పెద్ద వంజరం ఎప్పుడో ఒకసారి చాలు. చిన్న వంజరం చేపని నిలువునా కొనుక్కుంటే అంత ఇబ్బంది లేదు. నెత్తళ్ళు, కవళ్ళు, కానాగడతలు, రొయ్యలు, చెరువు చేపల్లో బొచ్చె, శీలావతి వారానికి రెండు మూడుసార్లు నిశ్చింతగా తినొచ్చు. గర్భిణులకి వారానికి 225 నుంచి 340 గ్రాముల దాకా ఇలాంటి చేప తినమనే అమెరికా సలహా. చేప పూర్తిగా మానేస్తే అయోడిన్, సెలీనియం, ఒమేగా-3 కూడా పోతాయి. థైరాయిడ్‌కి కావలసినవి అవే. పాదరసం భయంతో సెలీనియాన్ని పోగొట్టుకుంటే రెండు విధాలా నష్టపోయినట్టే.

కానాగడతల గురించి ఒక మాట, విశాఖవాళ్ళం గర్వపడాల్సింది. ఆ చేప శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిజర్ కానగుర్టా. ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు మన తీరంలో 200 రకాల చేపలు సేకరించి, ఇక్కడి జాలర్లు పిలిచే పేర్లతోనే 1803లో లండన్‌లో అచ్చువేయించాడు. ఆ తెలుగు పేరే ప్రపంచమంతా నిలిచింది.

మా వీధికి గంప పట్టుకొచ్చే ఆవిడని ఓసారి అడిగాను, నెత్తళ్ళు తేవడం ఎందుకు మానేశావమ్మా అని. "సిన్నయి ఎవులు కొంతారమ్మా, ముళ్ళని ఒగ్గేత్తారు. అందరికీ కోనామే కావాల" అంది. నేను వారం వారం అడుగుతున్నానని ఇప్పుడు నాకోసం తెస్తోంది. ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళగలిగితే పొద్దున్నే వెళ్ళండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లోనూ ఇంజను లేని తెప్పల మీద వెళ్ళినవాళ్ళు ఒడ్డునే పట్టి తెచ్చే చిన్న చేపలు దొరుకుతాయి.

ఇప్పుడు బాలింతల సంగతి. మన తీరంలో బిడ్డ పుట్టగానే అత్తగారో అమ్మో వెతికి వెతికి పాల సొర తెప్పిస్తారు. పాలు పడతాయని సొర పుట్టు చేసి పెడతారు. ప్రేమతో పెట్టేదాన్ని కాదనడం కష్టమని నాకు తెలుసు. నా కాన్పుకి మా అత్తగారు కూడా పెట్టారు. పాల సొర చిన్న జాతే, పెద్ద సొరలంత పాదరసం దానిలో ఉండదు. అయినా అదీ వేటాడి బతికే చేపే, రోజు విడిచి రోజు తినదగింది కాదు. పాల ద్వారా బిడ్డకి వెళ్ళే పాదరసం, మావి ద్వారా వెళ్ళేదానికన్నా చాలా తక్కువ. అందుకని బిడ్డకి పాలివ్వడం ఆపొద్దు. కడుపులో ఉన్నప్పుడే తీరు వేరు. బొడ్డుతాడు రక్తంలో పాదరసం తల్లి రక్తంలో కన్నా దాదాపు 1.7 రెట్లు ఉంటుంది. పెద్దావిడతో వాదన పెట్టుకోకుండా ఇలా అనండి: "అత్తయ్యా, డాక్టరమ్మ ఈ ఆర్నెల్లు సొర వద్దన్నారు, నెత్తళ్ళ పుట్టు చేసి పెడతారా?" అదే ఉల్లి, అదే వెల్లుల్లి, అదే మిరియం. పుట్టు పుట్టులాగే ఉంటుంది.

పసుపు, ఉప్పు వేసి పదిసార్లు కడిగినా, చింతపండు పులుసులో ఎంతసేపు ఉడికించినా, నూనెలో వేయించినా మిథైల్ మెర్క్యురీ పోదు. అది కండలోని ప్రోటీనులో కలిసిపోయి ఉంటుంది. ఎండబెడితే నీరు పోయి, గ్రాముకి లెక్క పెరుగుతుంది. ఎండు నెత్తళ్ళతో చింత లేదు. ఎండు సొర విషయంలో జాగ్రత్త.

ఐదో పని: పూజ గది, మందుల పెట్టె

పాదరస లింగాలు ఈ మధ్య ఇళ్ళలోకి ఎక్కువగా వస్తున్నాయి. మరో లోహంతో కలిపి గట్టిపరిచినా పాదరసం పాదరసమే, దాని ఆవిరి పూర్తిగా ఆగదు. పూజ మీ నమ్మకం, దాని జోలికి నేను వెళ్ళను. ఆ లింగానికి అభిషేకం చేసిన పాలు, నీళ్ళు మాత్రం తీర్థంగా తాగకండి, పిల్లలకి పోయకండి. దాన్ని పడకగదిలో ఉంచకండి. అభిషేకానికి రాతి లింగమో, స్ఫటిక లింగమో పెట్టుకోండి. సింధూరం కొనేటప్పుడు కూడా చూసి కొనండి. ఎర్రటి ఇంగిలీకం అంటే పాదరసం, గంధకం కలిసిన ఖనిజమే. పసుపు, సున్నంతో చేసిన కుంకుమకి ఈ బాధ లేదు.

రససింధూరం, మకరధ్వజం, రసభస్మం లాంటి మందుల్లో పాదరసం పొరపాటున పడింది కాదు, తయారీలోనే ఉంటుంది. 2008లో అమెరికా వైద్య పత్రికలో వచ్చిన పరిశీలనలో ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులు కొని చూస్తే, ఐదింట ఒక దానిలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో తేలింది. అవి వేసుకుంటూ ఉంటే ఇచ్చిన వైద్యుడితోనూ, థైరాయిడ్ చూసే డాక్టరుతోనూ ఇద్దరితోనూ చెప్పండి. గర్భిణులు, పిల్లలు అసలు వాడకూడదు.

ఆరో పని: పరీక్ష చేయించాలంటే

అందరికీ అక్కర్లేదు. కాగితం మీద మీరు రాసుకున్నదాంట్లో గట్టి దారి ఏదైనా ఉంటేనో, వేళ్ళ వణుకు, చేతిరాత మారడం, నోట్లో లోహపు రుచి, పెదాల చుట్టూ, వేళ్ళ కొసల్లో తిమ్మిరి, కారణం తెలియని బీపీ, చెమటలు, నిద్రలేమి ఉంటేనో డాక్టర్ని అడగండి. బిడ్డకి అరచేతులు గులాబీ రంగులోకి మారి పొట్టు రాలుతూ, చెమటలు పడుతూ, బీపీ ఎక్కువగా ఉంటే ఆ రోజే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) పిల్లల విభాగానికి తీసుకెళ్ళండి. పాదరసం తగిలే అవకాశం ఇంట్లో ఏముందో మీరే ముందుగా చెప్పండి.

దారిని బట్టి పరీక్ష మారుతుంది. చేపల సంగతైతే రక్తం. క్రీమ్, ఆవిరి, భస్మం సంగతైతే మూత్రం, అదీ మూత్రం ఎంత పలచగా ఉందో చెప్పే క్రియాటినిన్‌తో కలిపి కొలిచింది. మా ల్యాబుల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడే. క్రీమ్ వాడిన అమ్మాయికి రక్తం మాత్రమే చూసి "నార్మల్" అని పంపేస్తారు. రక్తం తీసే ట్యూబు కూడా మామూలుది పనికిరాదు. లోహాల మరక లేకుండా తయారైన, ముదురు నీలం మూత ఉన్న ట్యూబు కావాలి. తీసేముందే అడగండి, అడిగే హక్కు మీకుంది. కడుపులో బిడ్డ సురక్షితంగా ఉండాలని అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన లెక్కకి సమానమైన రక్తపు స్థాయి లీటరుకి 5.8 మైక్రోగ్రాములు. అది దాటితే జబ్బు వచ్చినట్టు కాదు, చేప మార్చాల్సిన సమయం వచ్చినట్టు.

ముందుగా ఒక మందు మింగించి, ఆ తర్వాత మూత్రం పట్టి "మీ ఒంట్లో పాదరసం చూడండి ఎంతుందో" అని చూపించేవాళ్ళుంటారు. ఆ మందు వేస్తే ఎవరికైనా అంకె పెరుగుతుంది, దాన్ని పోల్చడానికి ప్రమాణమే లేదు. ఆ అంకె చూసి వేలకి వేలు పోసి "డిటాక్స్" చేయించుకోకండి. పాదరసాన్ని బయటికి లాగే అసలు చికిత్స ఉంది. అది ఆస్పత్రిలో డాక్టర్ల కనుసన్నల్లో, నిజంగా విషం ఎక్కినవాళ్ళకి చేసేది. సెలీనియం మాత్రలు కూడా సొంతంగా మొదలుపెట్టకండి. రోజుకి 400 మైక్రోగ్రాములు దాటితే జుట్టు రాలడం, గోళ్ళు విరగడం మొదలవుతాయి.

థైరాయిడ్ పరీక్షకి వచ్చేముందు ఇంకొక్కటి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపండి. పరీక్ష అంకెల్ని అది తారుమారు చేస్తుంది. పాదరసం మీద వేసే నింద కొన్నిసార్లు ఆ జుట్టు మాత్రది.

డాక్టరుతో ఇలా మొదలుపెట్టండి: "డాక్టరు గారూ, నాకు థైరాయిడ్ ఉంది, మాత్ర వాడుతున్నాను. ఎనిమిది నెలలుగా ఈ క్రీమ్ వాడాను, వారానికి మూడుసార్లు కోనాం తింటాను. రక్తంలో, మూత్రంలో పాదరసం చూపించాలంటారా?" కాగితం, డబ్బా రెండూ బల్ల మీద పెట్టండి.

ఏడో పని: కాలెండర్ మీద తేదీ వేసుకోండి

మిథైల్ మెర్క్యురీ రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు 50 రోజులు పడుతుంది. పీల్చిన ఆవిరి ఒంట్లోంచి సగం పోవడానికి సుమారు రెండు నెలలు. అంటే మార్చాల్సింది మార్చాక ఐదారు నెలలకి, ఉన్నదానిలో ఎనిమిదో వంతే మిగులుతుంది. గర్భం కోసం అనుకుంటున్నవాళ్ళు ఆ ఆర్నెల్లు ముందే సొర, కొమ్ముకోనాం పక్కన పెడితే చాలు. థైరాయిడ్ మాత్ర మోతాదు మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ చూపించుకోండి. పాదరసం పరీక్ష మొదటిసారి ఎక్కువ వచ్చినవాళ్ళు నాలుగో నెలలో మళ్ళీ రండి. రెండోసారి కూడా అదే ల్యాబుకి, అదే రకం పరీక్షకి రండి. నీలం మూత ట్యూబు ఉందా అని సూది తీయకముందే అడగండి.